ఒప్పుకున్న గొంతు

ఏప్రిల్ 22

ఆసుపత్రి నుంచి అమ్మా నేనూ ఇంటికొచ్చేశాం. గొంతులో ఉన్న కంతిని నిన్న తీసేశారు. భయపడాల్సిన రకం కాదట, ఏళ్ల తరబడి మైకులో అరిచేవాళ్లకి వచ్చేదేనట. పాఠాలు చెప్పేవాళ్లకీ, కూరగాయలమ్మేవాళ్లకీ, దేవుడి మైకుల వాళ్లకీ వస్తుందట. మంచి జట్టే.

ఇక మౌనం. గుసగుస కూడా వద్దంది డాక్టరమ్మ, అరుపుకన్నా గుసగుసే చెడ్డదట. "నోరు మూసుకో" అని ఇంతవరకూ నాతో చాలామంది అన్నారు. ఫీజు తీసుకుని అన్నది మాత్రం ఈవిడే.

అందుకే ఈ డైరీ. రోజంతా వాగే మనిషి నోరు మూస్తే మాటలు ఎక్కడికి పోతాయి? పదకొండేళ్లుగా దిల్‌సుఖ్‌నగర్‌లో త్రినాథరావు గారి కోచింగ్ సెంటర్‌లో ప్రపంచ చరిత్ర చెబుతున్నాను, అదీ తెలుగు మీడియంలో. సామ్రాజ్యాలు, వలసలు, వాటి మీద తిరగబడినవాళ్లు. హాలు నిండా పిల్లలు, గోడల పక్కన కూడా నిలబడతారు. వెనక వరసకి వినపడాలని గొంతు చించుకుంటాను. చినిగింది.

జూన్‌లో కొత్త బ్యాచ్. మళ్లీ క్లాసుకి ఎప్పుడు వెళ్లొచ్చని రాసి చూపిస్తే డాక్టరమ్మ "చూద్దాం" అంది. చూసేదేం లేదు. జూన్‌లో నేను ఆ హాల్లో ఉంటాను.

ఏప్రిల్ 23

మాట్లాడలేదు.

ఏప్రిల్ 24

నిన్న రాసింది పూర్తిగా నిజం కాదు. కూరగాయల బండి వస్తే "ఎంత?" అన్నాను. ఒక్క మాట. అది కూడా లెక్కే అయితే నేనేం చేయలేను.

అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. "గొంతు కోపిచ్చుకోని నాలుగు దినాలు గాలే, టమాటలకు బేరమాడుతున్నవా? నేను సచ్చిన్నా?" అంది. బండివాడు భయపడి రెండు టమాటాలు ఎక్కువ వేశాడు.

మధ్యాహ్నం అమ్మే వెళ్లి పలక కొనుక్కొచ్చింది. ముప్పై తొమ్మిదేళ్ల దాన్ని, మన్సూరాబాద్‌లో మేడ మీద కూర్చుని పలక పట్టుకున్నాను. కింది పోర్షన్ వాళ్ల పాప నన్ను చూసి నవ్వింది. పలక బయటివాళ్లకే, అమ్మకి అక్కర్లేదు. పోచంపల్లిలో మగ్గాల చప్పుడు మధ్య పెరిగిన మనిషి, పెదవులు కదిలితే చాలు మాట పట్టేస్తుంది. అందువల్ల లోలోపల తిట్టుకోవడానికి కూడా వీల్లేదు.

ఏప్రిల్ 27

త్రినాథరావు గారొచ్చారు. బుట్టెడు పళ్లు, వాటి మీద రంగు కాగితం. గుమ్మంలోనే మొదలుపెట్టారు.

"ఎలా ఉందమ్మా రజితా? నువ్వు మాట్లాడకు. నువ్వసలు మాట్లాడకు. నేను మాట్లాడతాను."

ఆయన మాట్లాడటానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ముప్పై ఏళ్ల కింద తెనాలి నుంచి వచ్చి చిన్న గదిలో సెంటర్ పెట్టిన మనిషి, ఇప్పుడు ఆరంతస్తులు. కాసేపు బ్యాచ్ సంగతులు చెప్పి, ఫోన్ తీసి బల్ల మీద పెట్టి ఒక బొత్తాం నొక్కారు.

నా గొంతు వచ్చింది.

"నమస్కారమండీ. నేను రజితను. ఈరోజు మనం బెల్జియం రాజు కాంగో దేశాన్ని ఏ విధంగా ఆక్రమించాడో తెలుసుకుందామండీ."

అమ్మ వంటింట్లోంచి "ఏమే, మాట్లాడుతున్నవా?" అని కేకేసింది. అంతలా నా గొంతే. జలుబు లేని రోజున, మొదటి పీరియడ్‌లో, నీళ్లు తాగి మొదలుపెట్టినప్పటి గొంతు. కానీ ఆ "అండీ" నాది కాదు. నేనైతే "నెలకో బట్టముక్క ఇస్తమంటె ఊరికి ఊరే రాసిచ్చిండ్రు, జర ఆలోచించుండ్రి" అని కాంగో మొదలుపెడతాను.

పాత వీడియోలన్నీ ఒక కంపెనీకిచ్చి ఈ గొంతు చేయించారట. ఇక ఏం టైపు చేసినా అది నాలా చదివేస్తుంది. యాప్‌లో పెడితే రెండు రాష్ట్రాల్లోనూ పిల్లలు వింటారట.

పలక మీద రాశాను: "నా మాట ఏది?"

"రెండు రాష్ట్రాలకీ వెళ్లాలి కదమ్మా. అందరికీ అర్థమయ్యే భాషలో ఉండాలి."

"పదకొండేళ్లు అందరికీ అర్థమైంది" అని రాశాను.

నవ్వారు. "నీకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆలోచించు తల్లీ. ఇక నీ గొంతు నొప్పెట్టదు. నువ్వు ఇంట్లో కూర్చుని పాఠం రాస్తే చాలు, మిగతాదంతా అదే చూసుకుంటుంది."

ఒక్క అడ్డు మాత్రం ఉందట. కంపెనీ వాళ్ల నియమం: గొంతు ఎవరిదో ఆ మనిషే కెమెరా ముందు కూర్చుని, నా గొంతు వాడుకోవడానికి ఒప్పుకుంటున్నానని స్వయంగా చదవాలి. రెండు వాక్యాలు. నాకు మాట రాగానే ఆ పని చేద్దామన్నారు.

అంటే నా గొంతు తిరిగొచ్చి చేయాల్సిన మొదటి పని, తనను తాను ఇచ్చేసుకోవడం.

"ఆలోచిస్తాను" అని రాసి పలక తిప్పి పెట్టాను.

ఏప్రిల్ 28

ఆలోచిస్తాననే రాశాను. ఒప్పుకుంటానని రాయలేదు.

ఆయన్ని చెడ్డవాడని రాసేస్తే పని సులువవుతుంది, కానీ కాదు. తెలుగులో ప్రపంచ చరిత్రా అని అందరూ నవ్విన రోజుల్లో హాలిచ్చి, మైకిచ్చి, "చెప్పమ్మా, చూద్దాం" అన్నది ఈయనే. మొదటి నెల పదిమంది కూడా లేరు. అయినా క్లాసు తీసేయలేదు.

పైగా ఆయన చెప్పిన దాంట్లో నిజముంది. ఆసిఫాబాద్‌లో, అచ్చంపేటలో ఇంట్లో కూర్చుని చదివే ఆడపిల్లలకి దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉండే స్థోమత ఉండదు. వాళ్లకి నా గొంతు చేరుతుందంటే కాదనడానికి నేనెవర్ని?

నా గొంతు. అండీ.

ఏప్రిల్ 30

ఇంట్లో ఉండలేక సెంటర్‌కి వెళ్లాను. పాత బ్యాచ్‌కి రివిజన్ జరుగుతోంది, ఇవాళ కెన్యా. ఆ గొంతుతోనే చెప్పించి చూస్తామని, పిల్లలకేమీ చెప్పలేదని సార్ మెసేజ్ పెట్టారు. ఊరికే చూడటానికి వెళ్లాను.

ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కితే "తర్వాతి స్టేషన్ విక్టోరియా మెమోరియల్" అని స్పీకర్లో ఆవిడ చెప్పింది. ఇన్నేళ్లుగా వింటున్నా, ఆ గొంతు ఒక మనిషిదని ఎప్పుడూ అనుకోలేదు. ఆవిడకి గొంతు నొప్పి చేస్తే ఎవరికి తెలుస్తుంది? ఇవాళే తోచింది.

మాస్కు పెట్టుకుని, చున్నీ కప్పుకుని హాలు చివర తలుపు దగ్గర నిలబడ్డాను. స్క్రీన్ మీద నా ఫోటో, పక్కన పాయింట్లు. గొంతు సాగిపోతోంది. ఢిల్లీ కోచింగ్ వాళ్ల ఇంగ్లీషు నోట్సును ఎవరో తెలుగు చేసినట్టున్నారు. భూములు తెల్లవాళ్ల చేతికి పోవడం, ఎమర్జెన్సీ, ముళ్లకంచెల ఊళ్లు, అన్నీ ఉన్నాయి. తప్పేమీ లేదు. ఎక్కడా ఆగడం కూడా లేదు.

చివర్లో అన్నది: "1963లో బ్రిటన్ కెన్యాకు స్వాతంత్ర్యం ఇచ్చింది."

హాలంతా ఒక్కసారి లేచింది. "ఇయ్యలే! గుంజుకున్నరు!"

ఇది నా క్లాసులో అలవాటు. నేను కావాలనే మధ్యమధ్యలో "ఫలానా దేశానికి స్వాతంత్ర్యం ఇచ్చిండ్రు" అంటాను. మూడొందల గొంతులు నా మీద విరుచుకుపడాలి. పడకపోతే మళ్లీ అంటాను. పరీక్షలో వాళ్లేం రాసుకున్నా సరే, ఆ మాటను మాత్రం ఊరికే పోనివ్వకూడదు. వాళ్లు అరిచాక ఆగి, "మల్లొకపారి" అంటాను, కప్పు లేచిపోయేలా అరుస్తారు.

ఇవాళ అది ఆగలేదు. వాళ్లు అరుస్తుండగానే "తదుపరి అంశం" అని ముందుకెళ్లిపోయింది. కొందరు ఇంకోసారి అరిచారు. దానికి చెవులేవి? కాసేపటికి వెనక వరసలో ఎవరో నవ్వారు, అందరూ రాసుకోవడంలో పడ్డారు.

కారిడార్‌లో త్రినాథరావు గారు నా చెయ్యి పట్టుకున్నారు. ముఖం వెలిగిపోతోంది.

"విన్నావా అమ్మా ఆ రెస్పాన్స్! నువ్వేననుకున్నారు. ఆ అరుపు రికార్డు చేయించాను. ఇక ప్రతి క్లాసు చివరా పెట్టేద్దాం, అద్దిరిపోతుంది."

ఒళ్లు మండిపోయింది. పిల్లలు ఎదురు తిరిగితే ఈయనకి చప్పట్లలా వినపడింది. పలక ఇంట్లో మర్చిపోయాను. ఉన్నా ఏం రాయాలో తెలిసేది కాదు.

మే 1

ఒప్పుకుంటే తప్పేముంది? పాఠం నేనే రాస్తే ఆ ఢిల్లీ నోట్సు మాటలుండవు. అండీలు తీసేయమంటాను. తప్పేముంది?

మే 3

శ్రీకళ ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. పాత బ్యాచ్‌లో మొదటి వరస పిల్ల. హయత్‌నగర్ అవతల ఊరు, దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉంటుంది. అన్ని క్లాసుల్లోనూ చెయ్యెత్తుతుంది, అవసరం లేకపోయినా ఎత్తుతుంది.

కూర్చోకముందే అడిగింది. "మేడమ్, నిజం చెప్పుండ్రి. మొన్న కెన్యా చెప్పింది మీరేనా?"

కాదని తలూపాను.

"నేనన్న గద! మా రూంల అందరు మేడమే అన్నరు. మేడమైతె మనం అరిసినంక ఆగుతది గద అన్న నేను. ఎవ్వలినలే."

అమ్మ చాయ్ తెచ్చి మధ్యలో దూరింది. "ఏంది పిల్లా, మిషిన్ మాట్లాడితె మా బిడ్డ అనుకున్నరా?"

"గొంతు అచ్చం మేడమ్‌దే అమ్మమ్మా. మేడమ్‌కు సుస్తైందని చెప్పిండ్రు గద, గందుకే పెద్దోళ్ల లెక్క మాట్లాడుతుందేమో అనుకున్నరు."

నేను నవ్వబోయి ఆపుకున్నాను. నవ్వు కూడా వద్దట.

తర్వాత శ్రీకళ నోట్సు తీసింది. కెన్యాలో అంతమందిని శిబిరాల్లో పెట్టి కొట్టారు కదా, మరి బ్రిటన్ మీద ఎవరూ కేసు వేయలేదా అని దాని సందేహం. స్క్రీన్‌ని అడిగితే చెప్పలేదట. ఇప్పుడు నన్నడుగుతోంది.

పలక తీసుకున్నాను. నిండేదాకా రాయడం, శ్రీకళ పైకి చదవడం, తుడవడం, మళ్లీ రాయడం. వెళ్లిపోయే ముందు బ్రిటిష్ వాళ్లు చాలా కాగితాలు తగలబెట్టారని రాశాను. మరికొన్నింటిని ఇంగ్లండుకి పట్టుకెళ్లి దాచారని రాశాను. యాభై ఏళ్లు పోయాక, ఆ శిబిరాల్లో దెబ్బలు తిన్న ముసలివాళ్లు లండన్ కోర్టుకి వెళ్లి, తమకి ఏం జరిగిందో తమ నోటితోనే చెప్పారని రాశాను. ఆ కేసు వల్లే దాచిన కాగితాలు బయటపడ్డాయి, చివరికి ప్రభుత్వం పరిహారం ఇచ్చింది.

శ్రీకళ చివరి పలక చదివి నోట్సు మూసింది. "కాయితాలు కాలవెట్టిండ్రు గని మనుషులను మర్సిపోయిండ్రు మేడమ్."

క్లాసులో మైకు పట్టుకుని కెన్యా పదకొండుసార్లు చెప్పాను, ఈ కేసు సంగతికి ఎప్పుడూ టైము చాలలేదు. ఒక్క మనిషి కోసం బలపంతో రాసి చెప్పినప్పుడు ఇంత తృప్తి కలగడం ఏమిటో తెలియలేదు. చెయ్యి మాత్రం బాగా నొప్పెట్టింది.

పోతూ పోతూ గుమ్మంలో ఆగింది. "మేడమ్, జూన్ల మీరొస్తరు గద?"

వస్తానని రాశాను.

మే 6

దవాఖానకు వెళ్లొచ్చాం. గాయం మానిందట. రేపటి నుంచి రోజుకి ఐదు నిమిషాలు మాట్లాడొచ్చు. తర్వాత కొద్దికొద్దిగా పెంచుకోవచ్చు.

సంతోషపడేలోపే రెండో మాట చెప్పింది డాక్టరమ్మ. "హాల్లో అరవడం మాత్రం మర్చిపోండి. పక్కన కూర్చున్న మనిషితో మాట్లాడినట్టు మాట్లాడితే ఈ గొంతు మీతో జీవితాంతం ఉంటుంది. మునుపటిలా అరిచారంటే మళ్లీ కంతి వస్తుంది. ఈసారి తీశాక ఏం మిగులుతుందో నేను చెప్పలేను."

మైకు పెట్టుకుంటాను అని రాశాను. మైకున్నా మీరు అరిచారు కదా అంది. నిజమే. మైకున్నా అరుస్తాను. అరవకుండా హైతీ ఎలా చెప్పాలి, అల్జీరియా ఎలా చెప్పాలి?

ఆటోలో ఏడుపొచ్చింది. ఏడిస్తే గొంతు బిగుసుకుంటుందని ఆవిడే చెప్పింది కాబట్టి అదీ కుదరలేదు. అమ్మ నా ముఖం వైపు చూడకుండా రోడ్డు వైపు చూస్తూ నా చెయ్యి పట్టుకుంది. ఇంటిదాకా వదల్లేదు.

సాయంత్రం త్రినాథరావు గారికి మెసేజ్ పెట్టాను. డాక్టరమ్మ చెప్పిందంతా రాశాను. వెంటనే జవాబొచ్చింది: "దేవుడే దారి చూపించాడమ్మా. ఆ గొంతు ఉండగా నీకు హాలెందుకు? తొమ్మిదో తారీకు స్టూడియోకి రా. రెండు వాక్యాలే."

నేను చేయగలిగింది ఇంకేముంది? అని రాసి చూసుకున్నాను. నాకే నచ్చలేదు. ఏదో ఒకటి ఉండి తీరాలి.

మే 7

మొదటి మాట ఏమని మాట్లాడాలో రాత్రే అనుకుని పెట్టుకున్నాను. "అమ్మా, నువ్వు లేకపోతే నేనేమైపోదునో" లాంటిదేదో. పొద్దున లేవగానే నోటికొచ్చింది మాత్రం "అమ్మా, జర పంఖా తక్కువ జెయ్యి."

అమ్మ చేతిలో చీపురు అలాగే ఆగిపోయింది. "ఇది ఎవల గొంతే?"

నాకూ తెలియలేదు. కిందికి దిగిపోయింది. పలుచగా, గరుకుగా, రుబ్బురోలు నెమ్మదిగా తిప్పినట్టుంది. ఇంకో మాట అన్నాను, ఇంకొకటి. అదే గొంతు. అమ్మ దగ్గరికొచ్చి నా గడ్డం పట్టుకుని విన్నది. "మా నాయిన గొంతు లెక్కున్నది" అని, కళ్లు తుడుచుకుని, మళ్లీ ఊడవడం మొదలుపెట్టింది. తాతని నేను చూడలేదు. ఆయన గొంతు నాకొచ్చిందని ఇప్పుడు తెలిసింది.

ఫోన్‌లో పాత క్లాసు పెట్టుకుని విన్నాను. ఆ గొంతు ఇప్పుడు కంపెనీ దగ్గర మాత్రమే ఉంది. నా దగ్గర లేదు.

మధ్యాహ్నమంతా కాలుకాలిన పిల్లిలా తిరిగాను. ఎప్పుడో చదివి పాఠంలో పెట్టకుండా వదిలేసిన సంగతి ఒకటి గుర్తుకొచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ తరఫున కొట్లాడుతూ జర్మన్లకి చిక్కిన మనవాళ్లని బెర్లిన్ దగ్గర ఒక శిబిరంలో పెట్టారు. అక్కడికి ప్రొఫెసర్లు గ్రామఫోన్ పెట్టెలతో వచ్చి, ఖైదీలను బాకా ముందు నిలబెట్టి, వాళ్ల భాషలు రికార్డు చేసుకున్నారు. వాళ్లకి కావాల్సింది భాష, మనిషి కాదు. ఒక పంజాబీ సిపాయి ఆ బాకాలో తన సంగతే చెప్పాడు. ఒక మనిషి ఉండేవాడు, ఊళ్లో వెన్న తినేవాడు, యుద్ధానికొచ్చి ఖైదులో పడ్డాడు, ఇంటికి పోవాలనుకుంటున్నాడు, ఇంకా ఉంచితే చచ్చిపోతాడు. "నేను" అనలేదు. ఎవరో మనిషి అన్నట్టు చెప్పాడు.

ఆ గొంతు ఇప్పటికీ బెర్లిన్‌లో భద్రంగా ఉంది. ఆ మనిషి ఇల్లు చేరాడో లేదో నాకు తెలియదు.

ఎందుకు పాఠంలో పెట్టలేదో ఇప్పుడు అర్థమవుతోంది. పరీక్షలో ఎప్పుడూ అడగరు కదా అని. ఎంత మంచి కారణం!

మే 8

రేపు వెళ్తాను. చదవడానికని కాదు. ముఖం చూపించకుండా కాదనడం నాకు చేతకాదు.

కాదంటానని రాసేశాను. సరే, రాసిందే ఖాయం.

మే 9

ఇవాళ జరిగింది జరిగినట్టే రాసుకోవాలి. రేపటికి నేనే మార్చేస్తాను.

స్టూడియో ఆరో అంతస్తులో ఉంది. రికార్డింగ్ చూసే శైలేందర్, నేను చేరిన ఏడాదే చేరినవాడు, నీళ్ల సీసా ముందే తెచ్చిపెట్టాడు. త్రినాథరావు గారు లేచి ఎదురొచ్చి కుర్చీ జరిపారు. ఎదురుగా స్క్రీన్ మీద ఆ రెండు వాక్యాలు పెద్ద అక్షరాల్లో ఉన్నాయి.

పొద్దుటి నుంచి ఒక్క మాటా మాట్లాడకుండా ఐదు నిమిషాలూ దాచుకుని వెళ్లాను. మొదట గొంతు సరిచూస్తారట, పేరు చెప్పమన్నారు. చెప్పాను. "నేను రజితను."

సార్ ఉలిక్కిపడ్డారు. శైలేందర్ హెడ్‌ఫోన్ సర్దుకున్నాడు. స్క్రీన్ మీద ఎర్రగా వచ్చింది: గొంతు సరిపోలలేదు.

ఇంకోసారి చెప్పమన్నారు. మళ్లీ ఎర్రగానే.

"కొంచెం పైకెత్తమ్మా, ఇదివరకటిలా," అన్నారు సార్.

"ఒద్దు సార్, మేడమ్ గొంతు మల్ల కరాబైతది" అన్నాడు శైలేందర్, నేను చెప్పేలోపే.

త్రినాథరావు గారు గదిలో అటూ ఇటూ నడిచారు. ఆగారు. ముఖంలో వెలుగొచ్చింది. ఆ వెలుగంటే నాకు ఇప్పుడు భయం.

"ఆ గొంతుతోనే చదివిస్తే? శైలేందర్, ఆ రెండు వాక్యాలు టైపు చెయ్యి."

శైలేందర్ నా వైపు చూశాడు. నేను కదల్లేదు. టైపు చేశాడు.

"నేను రజితను. నా గొంతును వాడుకోవడానికి నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటున్నాను."

ఎంత చక్కగా చెప్పిందో! వణుకు లేదు, తడబాటు లేదు. మనస్ఫూర్తిగా అన్న చోట నిజంగానే మనస్ఫూర్తిగా ఉంది. స్క్రీన్ పచ్చబడింది. సరిపోలింది.

"చూశావా! అయిపోయింది. నువ్వు తలూపు చాలమ్మా, నేను పంపించేస్తాను."

కాంగో నది తీరంలో ఊరి పెద్దల ముందు అర్థం కాని భాషలో కాగితాలు పెట్టి సంతకం బదులు ఇంటూ మార్కు వేయించుకున్నారని, ఆ మార్కు ఎవరు వేశారో కూడా ఎవరూ అడగలేదని ఏటేటా ఎంత ఆవేశంగా చెప్పాను! అప్పుడు అరుస్తూ చెప్పాను. ఇవాళ అరవడానికి లేదు.

"సార్, అది ఒప్పుకున్నది. నేను ఒప్పుకోలే."

ఆయనకి వినపడలేదు. నిజంగానే వినపడలేదు, అంత చిన్న గొంతు. దగ్గరికొచ్చి వంగారు. నేను మళ్లీ అన్నాను.

"అది నువ్వే కదమ్మా."

"నేనైతె మీరడిగినప్పుడు ఎందుకు సార్ అని అడుగుత. అది అడగలే."

ఆయన కుర్చీలో కూర్చున్నారు. కోపం కాదు, నొచ్చుకున్నారు. అది నాకు ఎక్కువ కష్టమనిపించింది.

"పదకొండేళ్లు నిన్ను నిలబెట్టానమ్మా నేను."

"అవు సార్. జిందగీల మర్వను. గని గొంతు ఇయ్య."

"మరి ఏం పెట్టుకుని చెప్తావు పాఠం? ఈ గొంతు రెండో వరసకి కూడా పోదు."

"మొదటి వరస చాలు సార్. దగ్గర కూసోవెట్టుకోని చెప్త."

"హాలు నిండదు."

"నిండకపోని."

సార్ స్క్రీన్ మీది పచ్చ గుర్తు వైపు చూశారు. తర్వాత "తీసెయ్యి శైలేందర్, మొత్తం తీసెయ్యి" అన్నారు. జూన్ టైమ్‌టేబుల్లోంచి నా పేరు కూడా తీసేస్తారని ఆ మాటతోనే తెలిసింది. ఆయన నాకు అన్యాయం చేశారని రాయను. ఆయన హాలు ఆయన నింపుకోవాలి.

లిఫ్టు దగ్గరికి శైలేందర్ వచ్చాడు. ఆ గొంతు కాపీ ఎక్కడా ఉంచలేదని చెప్పాడు. ఏదో అడగాలనుకున్నాను కానీ నా ఐదు నిమిషాలూ ఎప్పుడో అయిపోయాయి. చేతులు జోడించాను.

మే 10

మాట్లాడలేదు. భయంగా ఉంది. అయినా అన్నది వెనక్కి తీసుకోను.

మే 19

అమ్మ ఏమీ అడగలేదు. ఇవాళ పొద్దున ఎల్బీనగర్‌లో కుట్టు మిషన్ల దుకాణం మీద గది ఖాళీగా ఉందని తనే కనుక్కొచ్చింది. "కిరాయి తక్కువనే. పంఖా చప్పుడు జేస్తది. నీ గొంతు ఇనవడాల్నంటె బంద్ జేస్కోవాలె" అంది.

జూన్ 2

జూన్‌లో ఆ హాల్లో ఉంటానని ఏప్రిల్‌లో రాసుకున్నాను. ఇవాళ ఆ హాల్లో లేను.

గదిలో చాప పరిచాను. తొమ్మిదిమంది వచ్చారు, అందులో శ్రీకళ తీసుకొచ్చినవాళ్లే ఎక్కువ. పంఖా ఆపేశాం. చెమటలు కారుతున్నాయి, కింద కుట్టు మిషన్లు నడుస్తున్నాయి. "జర ముందుకు జరగుండ్రి" అన్నాను, జరిగారు. "ఇంకా" అన్నాను. మోకాళ్లు తగిలేంత దగ్గరికొచ్చారు. ఇన్నేళ్లలో నా విద్యార్థుల కళ్లు ఇంత దగ్గర నుంచి చూడలేదు.

ఇప్పుడు అరగంట మాట్లాడొచ్చు. హైతీ మొదలుపెట్టాను. చెరకు తోటలు, బానిసలుగా తెచ్చిన మనుషులు, 1791లో ఒక రాత్రి తోటలన్నీ అంటుకోవడం. ఎక్కడ అరిచేదాన్నో అక్కడ ఇంకా నెమ్మదిగా చెప్పాల్సి వచ్చింది, వాళ్లు ఊపిరి బిగపట్టి వంగారు. ఒకమ్మాయి రాసుకోవడం మర్చిపోయింది. వాళ్లని మళ్లీ బానిసల్ని చేయడానికి ఫ్రాన్స్ ఓడల నిండా సైన్యాన్ని పంపిందని చెప్పాను. ఓడలు తీరానికి చేరేసరికి నా గొంతు ఆగిపోయింది. నొప్పి లేదు, గాలి వస్తోంది, మాట రావడం లేదు.

చెయ్యెత్తి ఆగమన్నాను. ఎవరూ లేవలేదు. ఓడలు తీరంలో ఉన్నాయి, ఎలా లేస్తారు?

శ్రీకళ చెయ్యెత్తకుండానే లేచి నిలబడి మిగతాది చెప్పింది. సైన్యాన్ని ఎలా ఎదుర్కొన్నారో, జ్వరాలు ఎలా కలిసొచ్చాయో, 1804లో తమ దేశాన్ని తామే ఎలా ప్రకటించుకున్నారో, అంతా హయత్‌నగర్ అవతలి మాటలో చెప్పింది. పేర్లు తారుమారు చేసింది, ఒక ఏడాది ఎగరగొట్టింది, ఓడిపోయిన సేనాధిపతిని రెండుసార్లు చంపింది.

చాలా తప్పులు. రేపు దిద్దాలి.